తోలు సాగిన రెండంగుళాలు

"తోలన్నాక సాగుతుందే! సాగదని ఎవరన్నారు?" అన్నాడు బైండరు, నాలుగో రోజు కూడా అదే గొంతుతో.

"సాగుతుందండీ, నేను కాదన్నానా? నాలుగంగుళాలు సాగుతుందా అని అడిగాను, అంతే," అంది టైలరమ్మ, కాఫీ గ్లాసు ఆయన ముందు పెడుతూ.

"నాలుగు కాదు, రెండు. తోలు రెండు, నేను రెండు. లెక్క చెప్పాను కదా."

"ఇంకోసారి చెప్పండి. మొన్న మీరు చెప్తుంటే అత్తయ్య నిద్రపోయారు."

కిటికీ పక్క కుర్చీలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు తలెత్తలేదు. "నేను నిద్రపోలేదమ్మాయ్. కళ్ళు మూసుకుని విన్నాను. బెల్టు సాగింది, నా కొడుకు మాత్రం చెక్కుచెదరలేదు. అంతేగా?"

"అదీ! అమ్మకి అర్థమైంది," అన్నాడు బైండరు. తల్లి మాటలో ఉన్న ముల్లు ఆయనకి గుచ్చుకోలేదు, లేక గుచ్చుకోనట్టు నటించాడు.

ఆ వీధిలో ఆయన్ని బైండరుగారనీ, ఆవిడని టైలరమ్మ అనీ అంటారు. ఆయన ప్రెస్సులో ముప్పై ఏళ్ళుగా పుస్తకాలకి అట్టలు కడుతున్నాడు. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆ బెల్టు ఆయన సొంత చేతుల పని. పన్నెండేళ్ళ కిందట లైబ్రరీ వాళ్ళ పెద్ద మ్యాపుల పుస్తకానికి తోలు అట్ట కట్టినప్పుడు ఒక పొడుగాటి ముక్క మిగిలితే, పారెయ్యడానికి మనసొప్పక, రెండు పొరలు అతికించి, చుట్టూతా రెండు సూదులతో కుట్టి, బెల్టు చేసుకున్నాడు. అంగుళానికొకటి చొప్పున అయిదు కన్నాలు. బకిల్ నుంచి నడిమి కన్నానికి సరిగ్గా ముప్పైఆరు. ఆ నడిమి కన్నంలోనే పదకొండేళ్ళు గడిచాయి. అది వాడి వాడి కోలగా, నల్లగా అయింది.

పన్నెండో ఏడు వచ్చేసరికి బకిల్ ముల్లు నడిమి కన్నం వదిలి నాలుగో దానిలోకి, అక్కణ్ణించి అయిదో దానిలోకి నడిచింది. తర్వాత కన్నాలు అయిపోయాయి. బైండరు తోలు కుట్టే ఆరె తీసుకుని ఆరోది పొడుచుకున్నాడు. పోయిన నెల ఏడోది. ఇప్పుడు బెల్టు కొస ప్యాంటు లూపులు రెండు దాటి, పక్క జేబు మీదుగా నాలుకలా వేలాడుతోంది.

"నాన్నా, మలుపు తిరిగేటప్పుడు జాగ్రత్త. ఎదురొచ్చేవాళ్ళకి తగుల్తుంది," అనేది కూతురు. ఆ పిల్ల కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. వయసు ఇరవైమూడు, ఇంట్లో పిలిచే పేరు చీమ.

బెల్టు ఒక్కటే అయితే టైలరమ్మ ఇంత పట్టించుకునేది కాదు. ఆ ఏడాది ఆయన ప్యాంట్లు రెండుసార్లు బిగించింది. మొదటిసారి "నువ్వే వదులుగా కుట్టావు" అన్నాడు. రెండోసారి "గుడ్డ అలాంటిది" అన్నాడు. చేతి గడియారం మోచేతి దాకా జారుతుంటే గొలుసులో ఏదో లింకు అరిగిందన్నాడు. ఆ ఇంట్లో ఆయన తప్ప అన్నీ వదులైపోతున్నాయి. మధ్యాహ్నం డబ్బా సగం తిని తెస్తున్నాడు. నీళ్ళ సీసా మాత్రం నాలుగుసార్లు నింపుకుంటున్నాడు. డాక్టరు ఉండేది పక్క సందులో. మూడు నెలలుగా ఆవిడ వెళ్దామంటోంది, ఆయన వచ్చే వారం అంటున్నాడు.

"అక్కడికి వెళ్ళినవాడు ఉత్తి చేతుల్తో రాడే. మా కంపోజిటరు మోకాలు నొప్పని వెళ్ళాడు. ఆరు రకాల మందులూ, నోరు తిరగని ఓ రోగం పేరూ తెచ్చుకున్నాడు. వెళ్ళకముందు సుఖంగా ఉండేవాడు," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు కానీ ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళేది కాదని ఆవిడకి తెలుసు. కాబట్టి బెల్టు గొడవ నాలుగు రోజులదే అయినా, దాని లోపల కూర్చున్న గొడవ మూడు నెలలది.

ఇక ఆ లెక్క సంగతి. అది తెలియాలంటే ముందు టేపు సంగతి తెలియాలి.

వంటింటి గుమ్మం పక్క మేకుకి ఒక పసుపుపచ్చ కొలత టేపు వేలాడుతుంటుంది. కూతురికి పళ్ళొచ్చే రోజుల్లో దొరికిందల్లా కొరికేది. అందుకే చీమ అయింది. ఒకనాడు టేపు మొదలంతా నమిలి పీచు చేసి పెట్టింది. టైలరమ్మ కత్తెర తీసుకుని రెండో అంగుళం గీత మీద శుభ్రంగా కత్తిరించి, బట్టలు కుట్టించుకునేవాళ్ళ కొలతలకి కొత్త టేపు తెచ్చుకుని, దీన్ని ఇంటివాడకానికి వదిలేసింది. అప్పట్నుంచీ దాని మీద ఎంత కనిపిస్తే అందులోంచి రెండు తీసెయ్యాలి. కర్టెను కొలిచినా, బీరువా కొలిచినా, ఎవరో ఒకరు "రెండు తీశావా?" అని అరుస్తారు.

రానురానూ ఆ మాట టేపుని దాటి ఇల్లంతా తిరగడం మొదలెట్టింది. అత్తగారు "మూడు రాత్రుళ్ళుగా కన్ను మూతపడలేదు" అంటే "రెండు తీసెయ్" అనేవాళ్ళు. చీమ "ఈ నెలలో నాలుగు రోజులు పొద్దున్నే లేచాను" అన్నా అదే మాట. ఆ మాట అందరికంటే ఎక్కువ వాడేది బైండరే. ఎవరు గొప్ప చెప్పుకున్నా, ఎవరు కష్టం చెప్పుకున్నా, పుస్తకానికి అంచు కత్తిరించినట్టు చివర్లో టక్కున తగిలించేవాడు.

అలాంటి మనిషి బుధవారంనాడు టేపు తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. పావుగంట తర్వాత, పరీక్ష బాగా రాసిన కుర్రాడిలా బయటికొచ్చాడు.

"కొలిచాను. బకిల్ నుంచి నడిమి కన్నానికి ముప్పైఎనిమిది. నేను కుట్టింది ముప్పైఆరుకి. అంటే తోలు రెండంగుళాలు సాగింది. నా నడుము ముప్పైనాలుగు. ఇదివరకు ముప్పైఆరు. అంటే నేను తగ్గింది రెండు. కాఫీలో చక్కెర మానేశాను కదా, ఆ మాత్రం తగ్గనా? రెండూ రెండూ నాలుగు, నాలుగు కన్నాలు. అయిపోయింది!"

టైలరమ్మ టేపు దాని చోట పెట్టాడో లేదో చూడ్డానికి వెళ్ళింది. టేపు దాని మేకుకి లేదు. గొడుగు మేకుకి, తలకిందులుగా వేలాడుతోంది. ముప్పై ఏళ్ళుగా ఒక్క కాగితం కూడా వంకరగా పెట్టని మనిషి పెట్టిన తీరు అది. ఆవిడ అక్కడే కాసేపు నిలబడి మనసులో ఆ అంకెలు మళ్ళీ చదువుకుంది. ముప్పైఎనిమిది, ముప్పైనాలుగు. రెండింట్లోంచీ రెండు తీస్తే ముప్పైఆరు, ముప్పైరెండు. తోలు సాగలేదు, ఎక్కడిదక్కడే ఉంది. ఆ నాలుగంగుళాలూ మనిషే.

నవ్వొచ్చింది. సగం వచ్చి ఆగిపోయింది. "రెండు తీశారా?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ దాన్ని మింగేసింది. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ నేర్చుకున్నదేమిటంటే, ఈయన ఎవరైనా చెప్పిన తప్పుని ఒప్పుకోడు. చేతికి తగిలిన తప్పుని ఒప్పుకుంటాడు. ఒక పుస్తకంలో పేజీలు ముందువెనకలయ్యాయని యజమాని చెప్తే గంట వాదించి, ఇంటికొచ్చి తనే విప్పి చూసి, మర్నాడు చెప్పకుండా మళ్ళీ కుట్టి ఇచ్చాడొకసారి.

అందుకని ఆదివారం పొద్దున ఆవిడ దారి మార్చింది.

"సరేనండీ. తోలే సాగింది. నేనే ఓడిపోయాను," అంది.

బైండరు కాఫీ గ్లాసు దించి అనుమానంగా చూశాడు. ఆ ఇంట్లో ఆవిడ ఓడిపోవడం అరుదు. చెప్పి మరీ ఓడిపోవడం ఎప్పుడూ లేదు.

"ఓడిపోయావా?"

"పూర్తిగా. కానీ ఆ తోక నేను చూడలేను. సాగిన బెల్టుని పొట్టి చెయ్యడం మీకొక పనా? ఇవాళ సెలవే. చేసెయ్యండి."

"కొత్తది కొంటే పోలా?" అంది చీమ, గదిలోంచి దువ్వెన పట్టుకుని వస్తూ.

"కొత్తదా! కొట్లో బెల్టంటే అట్టముక్కకి రంగేసి అమ్ముతారు. ఆర్నెల్లకి పెచ్చులూడుతుంది," అని బైండరు అప్పటికే లేచి పనిసంచీ వెతుకుతున్నాడు. టైలరమ్మకి కావాల్సింది అదే.

భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచారు. సంచీలోంచి ఒక్కొక్కటీ బయటికొచ్చింది. కత్తి, ఆరె, మైనం ముద్ద, దారం, మొండి సూదులు రెండు, స్టీలు స్కేలు, పళ్ళచక్రం. ఈ పళ్ళచక్రం పిడి ఉన్న చిన్న ఇనుపచక్రం. తోలు మీద దొర్లిస్తే కుట్టు కన్నాలు ఎక్కడెక్కడ పడాలో సమానంగా చుక్కలు పెడుతుంది. పిడి ఆయన బొటనవేలు ఆనే చోట అరిగి గుంట పడింది.

"చివర ఓ ముక్క కోసిపారేస్తే పోయేదానికి ఇంత హడావుడి దేనికిరా?" అంది అత్తగారు.

బైండరు ఎవరో తిట్టినట్టు చూశాడు. "చివర కొయ్యరమ్మా! చివర కోస్తే కొస వంపు పోతుంది, చుట్టూ తిరిగొచ్చిన కుట్టు తెగుతుంది. చూసినవాడికల్లా కోసిన సంగతి తెలుస్తుంది. బకిల్ విప్పి, ఆ వైపు కోసి, మళ్ళీ మడిచి కుట్టాలి. అప్పుడు ఎవడికీ తెలీదు."

"ఎవడికీ తెలీకుండా తగ్గించాలన్నమాట," అంది టైలరమ్మ.

"బెల్టు సంగతే కదా నువ్వనేది?"

"మరి ఇంకేం సంగతి ఉందండీ?"

బకిల్‌ని పట్టి ఉంచిన మడత దగ్గర కుట్టు ఒకటి విడిచి ఒకటి కత్తి మొనతో తెంపాడు. తర్వాత దారం కొస పట్టుకుని లాగితే సర్రుమని ఊడొచ్చింది. బకిల్ బల్ల మీద టంగుమంది. పన్నెండేళ్ళుగా మడతలో దాక్కున్న తోలు కొత్త రంగులో బయటపడింది. తక్కినదంతా ఎంత నల్లబడిందో అప్పుడు తెలిసింది.

"చీమా, కొలవడానికి..." అని చెయ్యి చాపాడు. చీమ గుమ్మం పక్క టేపు అందుకోబోయింది.

"అది కాదే! నువ్వు మిగిల్చిన టేపుతో తోలు కోస్తారా? స్టీలు స్కేలివ్వు. కర్టెన్లయితే ఓ అటూ ఇటూ పర్లేదు. తోలు కోస్తే మళ్ళీ అతకదు."

టైలరమ్మ కళ్ళు దించుకుని, బల్ల మీద లేని నలుసేదో తుడిచింది.

ఏడో కన్నం నుంచి నడిమి కన్నందాకా స్కేలు పెట్టి నాలుగంగుళాలు చూసుకున్నాడు. అంతే కొలత బకిల్ వైపు గీత గీశాడు. "నూట రెండు మిల్లీమీటర్లు," అంది చీమ వంగి చూసి. దుకాణంలో మనుషుల రెండు కళ్ళ మధ్య దూరం కొలిచే పిల్ల, అంగుళాలంటే దానికి చిన్నచూపు. బైండరు కత్తి ఆనించి ఒక్కసారే గట్టిగా లాగాడు. ముక్క తెగి పేపరు మీద పడింది.

అత్తగారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి లేచొచ్చింది. ఆ ముక్క తీసుకుని అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పింది. ఆవిడ అరచేతికి అది అటు చివర నుంచి ఇటు చివరదాకా ఉంది.

"ఇంత నా కొడుకు ఎటు పోయాడే?" అంది.

నవ్వించడానికే అన్నట్టుంది. చీమ నవ్వడానికి నోరు తెరిచి, ఎవరూ నవ్వకపోతే మూసేసింది.

"అందులో సగం తోలేనమ్మా," అన్నాడు బైండరు. ఈసారి గొంతు కాస్త పలచబడింది.

"సగమేలే," అంది తల్లి. ముక్క మాత్రం తిరిగివ్వలేదు. దాన్ని చేతిలోనే పట్టుకుని వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

ఆయన పనిలో పడ్డాడు. మడత లావెక్కకుండా కోసిన కొసని వెనకవైపు పలచగా గీశాడు. బకిల్ ముల్లు దూరడానికి రెండు కన్నాలు పొడిచి, మధ్య తోలు కోసి పొడుగుపాటి సందు చేశాడు. ముక్కూ నోరూ బిగించి పనిచేస్తుంటే ఆయన మొహంలో మామూలుగా ఉండే వెటకారం పోయి పాతికేళ్ళ కిందటి కుర్రాడు కనిపిస్తాడు. చెంపలు కూడా అప్పటిలాగే లోపలికి ఉన్నాయి. టైలరమ్మకి ఆ పోలిక నచ్చలేదు.

"ఆ చివర పట్టుకో, కదలకూడదు," అన్నాడు. ఆవిడ బల్లకి అవతల కూర్చుని బెల్టు తిన్నగా లాగి పట్టుకుంది.

కొత్త కన్నాలు పాత కుట్టు వరసలో కలిసిపోవాలి. అందుకని పళ్ళచక్రాన్ని ముందు పాత కుట్టు మీద పెట్టి, పళ్ళు పాత కన్నాల్లో కూర్చున్నాయో లేదో చూసుకుని, అక్కణ్ణించి కొత్త తోలు మీదికి దొర్లించాలి. ఆయన పెట్టాడు. పళ్ళు కూర్చున్నాయి. దొర్లించాడు. ఆగాడు.

వెనక్కి తీసుకెళ్ళి ఇంకాస్త దూరం నుంచి దొర్లించాడు. టిక్ టిక్ టిక్ మంటూ ఒక్కో పన్నూ ఒక్కో పాత కన్నంలో సరిగ్గా పడుతోంది. మళ్ళీ బెల్టు నడుమ నుంచి, ఆవిడ చేతుల దగ్గర నుంచి, దొర్లించుకుంటూ వచ్చాడు. పది కుట్లు, ఇరవై, నలభై. ఒక్కటి తప్పలేదు. ఇదే చక్రంతో పన్నెండేళ్ళ కిందట పెట్టిన చుక్కలవి. తోలు రెండంగుళాలు సాగి ఉంటే కుట్టుకీ కుట్టుకీ ఎడం పెరగాలి. ఇరవై కుట్లు తిరక్కుండానే పన్ను కన్నం తప్పి తోలు మీద పడాలి.

బైండరు చక్రం పట్టుకునే తలెత్తి, వంటింటి గుమ్మం పక్క మేకు వైపు చూశాడు. పసుపుపచ్చ టేపు దాని చోట బుద్ధిగా వేలాడుతోంది. చీమ కూడా అటు చూసింది, తండ్రిని చూసింది, కళ్ళు పెద్దవి చేసి ఏదో అనబోయింది. టైలరమ్మ ఒక్క చూపు చూసింది. చీమ దువ్వెన తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

"సూదులు ఎక్కించనా?" అంది టైలరమ్మ.

"ఊఁ."

దారానికి మైనం రాసి, రెండు కొసలకీ రెండు సూదులు ఎక్కించి ఇచ్చింది. ఆయన ఆరెతో కన్నం పొడిచి ఇటునుంచి ఒక సూది, అటునుంచి ఒక సూది దూర్చి రెండు చేతుల్తో లాగాడు. అలా నాలుగు కుట్లు పడ్డాయి.

"సాగలేదు," అన్నాడు, తలెత్తకుండా.

"ఊఁ."

"టేపులో రెండు..."

"ఊఁ."

ఇంకో కుట్టు. "నీకు తెలుసా?"

"బుధవారమే. టేపు గొడుగు మేకుకి ఉంది."

"మరి చెప్పొచ్చుగా!"

"చెప్తే?"

ఆయన ఆలోచించాడు. "తిట్టేవాణ్ణి," అని ఒప్పుకున్నాడు. దారం లాగి బిగించి, మళ్ళీ అన్నాడు, "మర్చిపోయాననే అనుకుంటున్నానే. నిజంగా. తలుపేసుకున్నాను, కొలిచాను, ముప్పైనాలుగు కనిపించింది. ఆ అంకె బావుంది. ఇంక అందులోంచి ఏదీ తియ్యాలనిపించలేదు."

టైలరమ్మ బెల్టు చివర ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "అవతలివాళ్ళ లెక్కల్లో అయితే మొహమాటం లేకుండా తీసేస్తారు," అంది.

"అవతలివాళ్ళవి కనక తీస్తాను." కాస్త నవ్వాడు. "వాళ్ళేమంటారో?"

పక్క సందు డాక్టరు సంగతేనని ఆవిడకి అర్థమైంది. "ఏమన్నా అననివ్వండి. పేరు పెడితే పెట్టనివ్వండి. పేరు లేకుండా రోజుకో కన్నం పొడుచుకుంటూ పోతే, ఆఖరికి బకిలొక్కటే మిగుల్తుంది."

బైండరు కుట్టుకుంటూ పోయాడు. చివరికొచ్చేసరికి రెండు కుట్లు వెనక్కి వేశాడు, కుట్టు ఊడిపోకుండా. దారం అంచుకి కోసి, కుట్టు మీద బొటనవేలితో గట్టిగా రుద్దాడు. ఎక్కడ పాత కుట్టు ఆగిందో ఎక్కడ కొత్తది మొదలైందో, పట్టి చూస్తే తప్ప తెలియదు. దారం రంగు ఒక్కటే కాస్త తెల్లగా ఉంది.

లేచి నిలబడి బెల్టు పెట్టుకున్నాడు. ముల్లు నడిమి కన్నంలో, ఆ కోలగా నల్లబడిన పాత కన్నంలోనే పడింది. తోక లేదు. ఎవరు చూసినా ఎప్పుడూ ఇంతే ఉన్న మనిషి అనుకుంటారు. ఆయన ఒకసారి కిందికి చూసుకుని, చొక్కా దాని మీదికి లాక్కున్నాడు.

పేపర్లు తీసి, తోలు పొట్టు దులిపి, అదే బల్ల మీద కంచాలు పెట్టింది టైలరమ్మ. చీమ వచ్చి కూర్చుని తండ్రి నడుము వైపు చూసి, "అబ్బో, నాన్నా, నీ తోక ఏమైంది?" అంది.

"నాన్నమ్మ దగ్గరుంది, అడుగు," అన్నాడు.

అత్తగారు ఆ ముక్కని కంచం పక్కన పెట్టుకుని కూర్చుంది. మధ్యమధ్య వేలితో దాన్ని సరిచేస్తోంది. భోజనం సగంలో బైండరు నీళ్ళగ్లాసు ఖాళీ చేసి, మళ్ళీ నింపుకోబోయి, కూజా మీద చెయ్యి అలాగే ఉంచాడు.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను," అన్నాడు, కూర బావుందన్నంత మామూలుగా. "ప్రెస్సుకి మధ్యాహ్నం వస్తానని కబురు పెడతాను. మీ అమ్మ కూడా వస్తుంది, చీమా."

చీమ తల్లి వైపు చూసింది. టైలరమ్మ తన కంచంలోకి చూసుకుంటోంది.

"ఎన్నింటికిరా?" అంది అత్తగారు.

"పదింటికి అనుకున్నానమ్మా," అన్నాడు బైండరు, గ్లాసు నింపుకుంటూ. "రెండు తీసేశాను. ఎనిమిదింటికే."